విండోస్ సెటప్ వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ విండోస్ 11 సెటప్ ప్రోగ్రాం గారి సముఖమునకు, ఇంట్లో పాత కంప్యూటరున్న ఒక సామాన్యుడు నమస్కరించి చేసుకొను మనవి ఏమనగా:

పెన్‌డ్రైవ్ గుచ్చి, బయోస్‌లో బూట్ ఆర్డర్ మార్చి, ఎంటర్ నొక్కిన క్షణం నుంచి డెస్క్‌టాప్ కనబడేదాకా ఆ యంత్రం మీద తమరి కన్నా పెద్ద అధికారి లేరు. డిస్కు తుడిచేయగలరు, కొత్త పార్టిషన్లు గీయగలరు, పొమ్మని వెనక్కి పంపనూగలరు. పని చేసేవారికి ఆ అధికారం ఉండాలి, కాదనను. నా పేచీ వేరే. తమరు పెట్టే షరతుల్లో కొన్ని యంత్రం నడవడానికి కావలసినవి, కొన్ని కంపెనీకి కావలసినవి. రెండింటినీ ఒకే గొంతుతో ‘ఇది లేనిదే కుదరదు’ అంటారు. ఏది ఏదో విడదీసి చెప్పకపోతే, యజమాని నొక్కే ‘నెక్స్ట్’ బటన్‌ను అంగీకారం అనడానికి వీల్లేదు.

మొదట అర్హతల సంగతి. టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌దైతే, ఒకటీ అరా మినహాయింపులు పోను, ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. లేకపోతే ‘ఈ పీసీలో విండోస్ 11 నడవదు’ అని తేల్చేస్తారు. కానీ రిజిస్ట్రీలో ల్యాబ్‌కాన్ఫిగ్ అనే కీ చేర్చి రెండు మూడు విలువలు రాస్తే, లేదా రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే, ‘నడవదు’ అన్న ఆ పీసీలోనే తమరు నిక్షేపంగా దిగుతారు. పాత ప్రాసెసర్ల మీద అప్‌గ్రేడ్ చేసుకునే రిజిస్ట్రీ మార్గాన్ని ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ తానే ప్రకటించింది కూడా. నిజంగా నడవని సందర్భమూ ఒకటుంది: 24హెచ్2 వెర్షన్‌కు పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ ఆదేశం తప్పనిసరి, అది లేని కోర్ 2 డ్యుయో కాలపు యంత్రం బూట్ కూడా కాదు. అది ‘నడవదు’ అంటే. మిగతాది ‘మేం ఒప్పుకోం’.

భద్రత కోసమే కదా అంటారు. నిజమే, తాళపు కీలను టీపీఎం విడిగా దాస్తుంది, విండోస్ లేవకముందే దూరే దొంగ ప్రోగ్రాములను సెక్యూర్ బూట్ ఆపుతుంది. కానీ తమరు వెనక్కి పంపిన యంత్రం ఏమవుతుంది? విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి ఇచ్చిన అదనపు గడువుకు పెట్టిన తేదీ 2026 అక్టోబర్ 13. ఆ తర్వాత ఆ యంత్రం అప్‌డేట్లు లేకుండానే బ్యాంకు సైట్లు తెరుస్తుంది, కరెంటు బిల్లులు కడుతుంది. టీపీఎం లేని విండోస్ 11 కన్నా అప్‌డేట్లు రాని విండోస్ 10 ఏ విధంగా భద్రమో తమరే సెలవివ్వాలి.

ఇక ఖాతా. హోమ్ ఎడిషన్ అయితే నెట్ కావాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌ల వైఫైకి తమరి దగ్గర డ్రైవర్ ఉండదు, నెట్‌వర్క్ జాబితా ఖాళీగా కనిపిస్తుంది, అయినా నెట్‌కు కలిస్తేనే ముందుకు అంటారు. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి మరి! పోనీ ఖాతా లేకుండా విండోస్ పనిచేయదా అంటే, డెస్క్‌టాప్ చేరాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి లోకల్ అకౌంట్‌కు మారవచ్చు. అంటే లోపల చెల్లేది గుమ్మం దగ్గర చెల్లదు. నెట్ లేకుండా ముందుకు పోవడానికి షిఫ్ట్, ఎఫ్10 నొక్కి బైపాస్‌ఎన్ఆర్ఓ అని కొట్టే చిట్కా రిపేరు షాపుల్లో అందరికీ తెలిసిందే. దాన్ని కూడా 2025లో పరీక్షా వెర్షన్ల నుంచి తీసేశారు.

ఖాతా ఎందుకంటే బలమైన జవాబే ఉంది. 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఆ ఖాతాతో లాగిన్ అయితే, చాలా యంత్రాల్లో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. 48 అంకెల రికవరీ కీ ఖాతాలో భద్రపడుతుంది. ల్యాప్‌టాప్ పోయినా ఫోటోలు దొంగ చేతికి చిక్కవు. మంచి పనే, కానీ ఆ మాట యజమానికి తెలియాలి కదా. ఖాతా తెరిచింది షాపు కుర్రాడైతే, అదీ ఆ పూటకు సృష్టించిన మెయిల్‌తో అయితే, ఏడాది తర్వాత మదర్‌బోర్డు మార్చిన రోజున నీలం తెర మీద ఆ 48 అంకెలు అడిగితే ఎవరిని పట్టుకోవాలి? ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టారో ఇంటాయనకు చెప్పకపోవడం ఇది.

అన్నిటికన్నా నాకు కష్టంగా తోచేది భాష. తమరు మాట్లాడే భాషల్లో ఎస్టోనియన్ ఉంది, లాత్వియన్ ఉంది, స్లోవేనియన్ ఉంది. పట్టుమని పదిహేను లక్షల జనాభా లేని ఎస్టోనియాకు ఆ గౌరవం దక్కినందుకు సంతోషమే. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్లు దాటిన తెలుగువారికి అది లేదు, ఆ మాటకొస్తే హిందీకీ లేదు. కంపెనీ పెద్దాయన హైదరాబాదులో పుట్టి, బేగంపేటలో చదువుకున్నవారు. ఆ ఊళ్లోనే 1998 నుంచి కంపెనీ డెవలప్‌మెంట్ సెంటర్ నడుస్తోంది. తెలుగు ప్యాక్ తర్వాత వేసుకోవచ్చుగా అంటే, తిరిగిరాని నిర్ణయాలన్నీ ఆలోగానే అయిపోతాయి. ‘డిస్క్ 0 పార్టిషన్ 3’ అని వరసగా నాలుగైదు పేర్లు చూపి ఏది తుడవాలో ఎంచుకోమంటారు. వాటిలో పెళ్లి ఫోటోలున్న డీ డ్రైవ్ ఏదో అక్షరం రాసి ఉండదు, సైజు చూసి పోల్చుకోవాలి. డిలీట్ నొక్కితే వచ్చే హెచ్చరికా ఇంగ్లీషులోనే. తెలుగులో పెట్టడం అసాధ్యమైతే ఊరుకోవచ్చు. కానీ డెబియన్ లినక్సు వారి గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఎంచుకోవచ్చు, అదీ స్వచ్ఛంద కార్యకర్తల చేతి పని.

అంత నచ్చకపోతే ఆ లినక్సే వేసుకోవచ్చుగా అనేవారున్నారు. వేసుకోగలిగినవారు వేసుకోవాలనే నా మాట కూడా. మింట్, ఉబుంటులు డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచి చూపిస్తాయి, ఏ కంపెనీ ఖాతా లేకుండానే దిగుతాయి. కానీ శుభలేఖలు కొట్టే డీటీపీ షాపు పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతుకుతోంది. చిన్న వ్యాపారి లెక్కలు ట్యాలీలో ఉన్నాయి. వీళ్లు తమరి దగ్గరికి ఇష్టపడి వచ్చినవారు కారు, తమరిని వదిలి పోలేనివారు. పోలేనివారి దగ్గర షరతులు పెంచడం సులువు.

కాబట్టి ప్రార్థించేది: ‘నడవదు’ అన్నచోట నిజంగా నడవకపోతేనే ఆ మాట అనండి. లేకపోతే నష్టమేమిటో చెప్పి నిర్ణయం యజమానికి వదలండి. ఖాతా తెర మీదే ‘ఖాతా లేకుండా కొనసాగండి’ అనే బటన్ పెట్టండి. డిస్కుకు తాళం వేస్తే, కీ ఎక్కడుందో డెస్క్‌టాప్ చూపకముందే చెప్పి కాగితం మీద రాసుకోమనండి. పార్టిషన్ తుడిచే ముందు వచ్చే ఆ ఒక్క హెచ్చరికనైనా, వచ్చే వెర్షన్‌లోగా, తెలుగులో పెట్టించండి.

ఇట్లు,
లోకల్ అకౌంట్‌దారు