అమెరికాలో పాత కారు: కొన్ని తలకిందుల సలహాలు

టెక్సాస్‌కు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకు ఇక్కడ కారు లేనిదే పూట గడవదని మొదటి నెలలోనే తెలిసిపోతుంది. డాలస్ శివార్లలో బస్సును నమ్ముకుంటే కూరగాయలు తెచ్చుకోవడానికే సగం రోజు పోతుంది. ఆ అవసరం కనిపెట్టి అందరూ సలహాలు మొదలుపెడతారు. నడిపి చూసి తీసుకో, తెలుగువాళ్ల దగ్గరే కొను, ఇండియా వెళ్లిపోయేవాడైతే చవగ్గా ఇస్తాడు, కాగితంలో ధర తగ్గించి రాయించుకో అంటారు. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. పెడసరంగా అనిపించినా వినండి.

కారు చూడటానికి వెళ్లకండి. ముందు టైటిల్ చూపించమనండి. మన దగ్గర ఆర్‌సీ ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది. ఇక్కడ రిజిస్ట్రేషన్ వేరు, కారు ఎవరిదో చెప్పే టైటిల్ వేరు. అద్దం మీద కొత్త స్టిక్కరు ఉన్నంత మాత్రాన అమ్మేవాడు యజమాని అయిపోడు. టైటిల్ మీది పేరూ, అతని ఐడీ మీది పేరూ ఒకటేనా? దాని మీద బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం ఉందా? బాగా దెబ్బతిన్న కారని చెప్పే సాల్వేజ్ ముద్రో, అలాంటిదాన్ని బాగుచేశారని చెప్పే రీబిల్ట్ ముద్రో ఉందా? డ్యాష్‌బోర్డు మీది 17 అంకెల, అక్షరాల విన్ అనే గుర్తింపు నంబరు టైటిల్‌తో సరిపోవాలి. దొంగ కారో, సాల్వేజ్ కారో ఆ నంబరుతో బీమా నేరాలను చూసే ఎన్‌ఐసీబీ సంస్థ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. కంపెనీ వెనక్కి పిలిచిన లోపాలేమైనా బాగుచేయకుండా మిగిలాయా అన్నది రహదారి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్ చెబుతుంది. ఇదంతా ఎందుకంటే, 2017లో హార్వే తుపానుకు హ్యూస్టన్ ప్రాంతంలో లక్షల కార్లు నీటమునిగాయి. మునిగిన కారును కడిగి తుడిస్తే కంటికి ఏమీ తెలియదు, వైర్లలో తుప్పు మాత్రం పాకుతూనే ఉంటుంది. రంగు చూసి మనసు పారేసుకున్నాక కాగితాలు అడగడానికి నోరు రాదు. అందుకే కాగితం ముందు, కారు తర్వాత.

నడిపి చూస్తే చాలనుకోకండి. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష ఉన్నా, అది బ్రేకుల సంగతి చూడదు. కాబట్టి అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కు డబ్బిచ్చి కారు పైకెత్తించి చూపించండి. ఆ డబ్బు దండగ అనేవాళ్ల మాట వినకండి.

తెలుగువాడి దగ్గర కొంటుంటే రెట్టింపు జాగ్రత్త పడండి. మనవాళ్లు మోసగాళ్లని కాదు. మనల్ని ముంచేది మొహమాటం. ‘అన్నా, టైటిల్ చూపించవా’ అంటే ఏమనుకుంటాడో అని ఊరుకుంటాం. పరాయివాడిని అడిగే ప్రతి ప్రశ్నా మనవాడినీ అడగాలి. నిజాయితీ ఉన్నవాడు నొచ్చుకోడు.

రేపు విమానం ఎక్కేవాడి కారు వదిలేయండి, ఎంత చవకైనా సరే. అతను టైటిల్ మీద సంతకం మరిచిపోతేనో, అప్పు తీరిన కాగితం బ్యాంకు నుంచి రాకపోతేనో, హైదరాబాద్‌లో ఉన్న మనిషి వెంట మీరు నెలల తరబడి పడాలి. వెళ్లేలోగా ఒక పూట మీతో, టైటిల్ మార్చే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వచ్చేవాడి దగ్గరే కొనండి. టైటిల్ దరఖాస్తు అయిన 130-యు ఫారం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. కొన్న 30 రోజుల్లోగా టైటిల్ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఇద్దరూ కలిసి కౌంటర్ దగ్గర నిలబడితే, ఏ తప్పున్నా అక్కడే దిద్దుకోవచ్చు.

ధర తగ్గించి రాయించకండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. టెక్సాస్‌లో కారు అమ్మకం పన్ను 6.25 శాతం. ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకంలో, మీరు రాసిన ధర, ప్రభుత్వం కట్టిన విలువలో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను వేస్తారు. ప్రభుత్వ లెక్కలో 10,000 డాలర్ల కారుకు 2,000 అని రాసినా పన్ను 8,000 మీదే పడుతుంది, అంటే 500 డాలర్లు. అబద్ధం ఆడినా మిగిలేదేమీ లేదు. బహుమతి అని రాస్తే 10 డాలర్లతో పోతుందని ఇంకొకరు చెబుతారు. ఆ వెసులుబాటు భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల వంటి దగ్గరివాళ్లకే. రూమ్మేటు ఆ జాబితాలో లేడు. టైటిల్ దరఖాస్తులో తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం. వీసా మీద ఉన్నవాళ్లు కొన్ని వందల డాలర్ల కోసం ఆ పని చేయకూడదు.

కారు తాళం చేతిలో పడకముందే బీమా తీసుకోండి. ఇంటికి తెచ్చుకున్నాక చూద్దాంలే అనుకోకండి.

రెండేళ్లకో మూడేళ్లకో మీరే ఆ కారు అమ్ముతారు. అప్పుడు కొన్నవాడు పేరు మార్పించుకుంటాడులే అని ఊరుకోకండి. అమ్మిన రోజే రాష్ట్ర మోటారు వాహన శాఖకు వాహన బదిలీ నోటీసు ఆన్‌లైన్‌లో పంపండి. దానికి రుసుము లేదు. అది పంపకపోతే కొన్నవాడు ఎగ్గొట్టిన టోలు బిల్లులు, పార్కింగ్ జరిమానాలు మీ పేరుమీదే వస్తాయి.