ఆరు తీగల బేరం

విశాఖ బీచ్ రోడ్డు పక్కన కాపురమున్న గిటారిస్టుకి తీగలెప్పుడు మార్చాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉప్పుగాలీ చేతి చెమటా కలిసి కొత్త తీగల నిగనిగను వారాల్లో తినేస్తాయి. కాసేపు వాయిస్తే వేళ్లు నల్లబడతాయి. మార్చాలని తెలుస్తుంది సరే, ఏవి కొనాలన్న దగ్గరే తిప్పలు.

కొట్లోకి వచ్చిన పెద్దమనిషి ‘మంచి సౌండొచ్చేవి ఇవ్వు బాబూ’ అంటాడు.

‘పదా, పదకొండా, పన్నెండా సార్?’

‘అన్నెందుకు? గిటార్‌కి ఆరేగా!’

కొట్లో కుర్రాడు అడిగింది లెక్క కాదు, లావు. అన్నిటికన్నా సన్నని తీగ అంగుళంలో వెయ్యింట ఎన్నో వంతుందో ఆ అంకె చెబుతుంది. పన్నెండు సెట్‌లో లావుపాటి తీగ 53 ఉంటుంది. వెయ్యింట రెండు వంతుల తేడాకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది గానీ, వేలికొసలకి బాగానే తెలుస్తుంది. పన్నెండు సెట్‌ని శ్రుతి చేసి బిగిస్తే ఆరు తీగలూ కలిసి లాగే లాగుడు 70 కిలోల పైమాటే. అంటే ఓ నిండు మనిషి రాత్రింబవళ్లు తీగలు బిగించే బ్రిడ్జి పట్టుకుని వేలాడుతున్నట్టే! కొత్తగా నేర్చుకునేవాళ్లకి పదో పదకొండో హాయి. కాకపోతే పెద్ద పొట్ట గిటార్‌కి మరీ సన్నవి వేస్తే గొంతు పీలగా వస్తుంది.

అసలు ముందు అడగాల్సింది గిటార్ జాతి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి ఉక్కువి బిగిస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. ఆ జాతికి ఒకప్పుడు జంతువుల పేగుతో చేసిన తీగలే గతి. 1940లలో గిటార్ విద్వాంసుడు సెగోవియా ప్రోత్సాహంతో, వాద్యాలు చేసే ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తీగలు తెచ్చాక ఆ బాధ తీరింది.

ఇక లోహం. 80/20 అంటే 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు. అట్ట మీద బ్రాంజ్ అని దర్జాగా వేస్తారు గానీ, అది మన బామ్మల బిందెల ఇత్తడే. ఖంగుమంటుంది, త్వరగా మసకబారుతుంది. 1974లో తీగలు చేసే డడారియో కంపెనీ వాళ్లు రాగిలో తగరం, చిటికెడు భాస్వరం కలిపి ఫాస్ఫర్ బ్రాంజ్ తెచ్చారు. దాని నాదం కాస్త మెత్తన, ఆయుష్షు కాస్త ఎక్కువ. ఈ రెంటిలో ఏది గొప్పదని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు మరిచిపోయేదొకటుంది: ఆ లోహం నాలుగు తీగల పైచుట్టు మాత్రమే. మిగతా రెండూ ఏ సెట్‌లోనైనా వట్టి ఉక్కు.

చెమట చేతులవాళ్లకి పూత తీగలున్నాయి. వానకి తడవని గోర్‌టెక్స్ బట్ట చేసే గోర్ కంపెనీయే 1997లో ఎలిక్సిర్ పేరుతో వీటిని తెచ్చింది. ధర గుండె గుభేలుమనిపిస్తుంది, నిజమే. సముద్రం పక్కనుండేవాళ్లకి మాత్రం గిట్టుబాటే. జారుడుగా ఉన్నాయని సణిగేవాళ్లూ లేకపోలేదు.

డడారియో తీగల చివరి గుండ్లకి రంగులుంటాయి: ఐదో తీగకి ఎరుపు, నాలుగోదానికి నలుపు, అలా. ఆ పట్టిక ప్యాకెట్ మీదే ఉంటుంది. దాన్ని చదవకుండా చింపి అవతల పారేసిన మహానుభావులు నాలుగో తీగ చోట ఐదోదాన్ని ఎక్కించి, శ్రుతి ఎందుకు అందడం లేదా అని కీ తిప్పుతూనే ఉంటారు.