పగలు బండిని, రాత్రి ఇంటిని

నేను పుట్టింది జర్మనీలో, ఇల్లయింది న్యూజిలాండ్‌లో. డ్యూసెల్‌డార్ఫ్ కర్మాగారం నుంచి మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యానుగా బయటికొచ్చినప్పుడు నా లోపల ముందు సీట్లు తప్ప ఏమీ లేవు. ఓడెక్కి ఈ దేశం చేరాక, ఆక్లండ్‌కు దక్షిణాన ఉన్న హామిల్టన్‌లో పనివాళ్లు నాకు కిటికీలు కోశారు. నలుగురు పడుకునేలా పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు, ఒక మనిషి నిలబడితే నిండిపోయే బాత్రూము అమర్చారు. మంచినీళ్లకు ఒక ట్యాంకు, వాడేసిన నీళ్లకు ఇంకో ట్యాంకు పెట్టారు. అంతా అయ్యాక నా పొడవు ఏడు మీటర్లని తేల్చారు. ఆ ఏడు మీటర్ల సంగతి తర్వాత చెబుతాను, దానికి డబ్బు కట్టాల్సిన చోటొకటుంది.

నన్ను అద్దెకు తీసుకోవడానికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఇంటిదగ్గరే ఒక లెక్క వేసుకుని వస్తారు. నా రోజు అద్దె ఒక పక్క, కారు అద్దె, హోటల్ గది అద్దె కలిపి ఇంకో పక్క. ఏది తక్కువైతే అది. ఆ లెక్కతో వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు బిల్లు చూసి ముఖం చిన్నబుచ్చుకున్నవాళ్లను చూశాను. అంచనాకన్నా చాలా మిగిలిందని సంబరపడ్డవాళ్లనూ చూశాను. ఇద్దరికీ అద్దెకు దొరికింది నేనే. తేడా ఎక్కడొచ్చిందో నాకు తెలిసినంత బాగా ఆఫీసు కౌంటర్లో కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు, ఎందుకంటే రాత్రిళ్లు వాళ్లతో ఉన్నది నేను.

మొదటి సంగతి, నాకు ఒకే ధర లేదు. అవే పడకలు, అదే పొయ్యి, జూన్‌లో రోజుకు 100 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతాను. క్రిస్మస్ దగ్గర పడితే 300 దాటుతాను. డాలరంటే ఇక్కడి డాలరు, సుమారు 50 రూపాయలు. ఇది దక్షిణార్ధగోళం కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. నా మీద పెట్టిన పెట్టుబడి, బీమా, మరమ్మతులు, ఏటేటా కరిగిపోయే నా విలువ, అన్నీ ఆ కొద్ది నెలల్లోనే రాబట్టుకోవాలని యజమాని ఆరాటం. చలికాలంలో నేను యార్డులో నిలబడిపోతాను, ఖర్చులు మాత్రం నిలబడవు. హోటల్ గదికీ వేసవిలో గిరాకీ పెరుగుతుంది గానీ, దాన్ని పనిమీద తిరిగేవాళ్లు, పెళ్లిళ్లకు వచ్చేవాళ్లు ఏడాదంతా తీసుకుంటూనే ఉంటారు. నన్ను పనిమీద తీసుకునేవాళ్లు అరుదు. అందుకే నా ధర అంతగా ఎగురుతుంది, అంతగా పడుతుంది.

2020 మార్చి 19న ఈ దేశం విదేశీయులకు తలుపులు మూసినప్పుడు ఆ పడటం ఎలా ఉంటుందో చూశాను. నా వరుసలో నిలబడ్డ బళ్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. నన్ను ఊళ్లోవాళ్లే చవగ్గా తీసుకుని వారాంతాలకు తిరిగారు. 2022 జూలై 31న సరిహద్దులు పూర్తిగా తెరిచేసరికి మిగిలిన బళ్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ.

ఇక అసలు లెక్క. దాన్ని నాకు నేర్పింది తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆక్లండ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకూ కోడలూ, అమ్మానాన్నలకు దక్షిణ ద్వీపం చూపిద్దామని ఏప్రిల్‌లో నన్ను క్రైస్ట్‌చర్చ్‌లో తీసుకున్నారు. ఎక్కగానే ఆయన డాష్‌బోర్డు అరలో ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టుకున్నారు. ఎడమ పేజీ మీద ‘బండి’ అని, కుడి పేజీ మీద ‘కారు, గదులు’ అని రాశారు. ఏ ఊరు చేరినా, “ఒరేయ్, ఇక్కడ గది ఎంతుందో ఫోన్లో చూడరా” అని కొడుకునడిగి కుడి పేజీ నింపేవారు. మొదటి రాత్రే కోడలు తొంగిచూసి, “మామయ్యగారూ, ఒక్క గది కాదండీ, రెండు రాయండి. మనం నలుగురం కదా” అంది. ఆయన కొట్టేసి రెండు అని దిద్దారు. నా పక్షాన పడ్డ మొదటి తీర్పు అది.

టెకపో సరస్సు దాటి, అవొరాకి పర్వతం కింద వైట్ హార్స్ హిల్ అనే చోట ఆగిన రోజు లెక్క ఆయన చేత్తో రాసింది ఇలా ఉంది. ఎడమ పేజీ: అద్దె 160, బీమా 45, డీజిల్ 45, రోడ్డు పన్ను 15, నిలుపుకున్న చోటుకు నలుగురికీ కలిపి 70. మొత్తం 335. కుడి పేజీ: కారు 60, దాని బీమా 25, పెట్రోలు 40, రెండు గదులు 400. మొత్తం 525. ఒక్క రోజుకు 190 డాలర్ల తేడా, అంటే తొమ్మిదిన్నర వేల రూపాయలు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ కూడారు.

అందులో రోడ్డు పన్ను చూసి ఆయనకు అనుమానమొచ్చింది. ఇక్కడ పెట్రోలు ధరలోనే ఆ పన్ను కలిసి ఉంటుంది, డీజిల్ ధరలో ఉండదు. డీజిల్ బండి నడిచిన కిలోమీటర్లకు విడిగా కట్టాలి. నాలాంటి తేలికపాటి బండికి 1000 కిలోమీటర్లకు 76 డాలర్లు. బంకులో డీజిల్ చవగ్గా కనపడిందని మురిసిపోయినవాళ్లకు, బండి తిరిగిచ్చేటప్పుడు మీటరు చూసి ఆఫీసువాళ్లు ఇది వసూలు చేస్తారు. పైగా చిన్న కారు తాగేదానికి ఒకటిన్నర రెట్లు నేను తాగుతాను. రోజూ వందల కిలోమీటర్లు పరుగెత్తాలనుకునేవాళ్లకు నేను తగను.

ఆ 70 డాలర్ల చోటు గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో చూసిన లాభనష్టాలన్నీ అక్కడే తేలాయి. వైట్ హార్స్ హిల్ ప్రభుత్వ పరిరక్షణ శాఖ నడిపే చోటు. ఆ శాఖను ఇక్కడ అందరూ ‘డాక్’ అంటారు. కరెంటు ఉండదు, మరుగుదొడ్లు, నీళ్లు ఉంటాయి, నెత్తిమీద కొండ ఉంటుంది. హాలిడే పార్క్ అనే ప్రైవేటు చోట్లయితే కరెంటు ప్లగ్గు, వేడినీళ్ల స్నానం, వంటగది, బట్టలుతికే యంత్రం అన్నీ ఉంటాయి. డాక్ చోట్లలాగే అక్కడా బండికి కాదు, తలకింతని తీసుకుంటారు, కానీ ఎక్కువ, పెద్దవాళ్లకు 25 నుంచి 30 డాలర్ల దాకా. ప్రతి రాత్రీ అక్కడే ఆగేవాళ్లు పడకకు రెండుసార్లు కడుతున్నట్టే: ఒకసారి నా లోపల పడుకున్నందుకు, ఇంకోసారి నన్ను పడుకోబెట్టినందుకు. నన్ను తీసుకుని నష్టపోయామన్నవాళ్లలో ఎక్కువమంది చేసింది ఇదే.

అలాగని ప్రతి రాత్రీ డాక్ చోట్లలోనే గడపడమూ కుదరదు. నడుస్తున్నప్పుడు నా లోపలి బ్యాటరీ నిండుతుంది, ఫ్రిజ్జూ దీపాలూ ఒకటి రెండు రాత్రులు దాని మీద నడుస్తాయి. ఆ తర్వాత ప్లగ్గు కావాలి. వాడిన నీళ్ల ట్యాంకు నిండుతుంది, టాయిలెట్ కింది డబ్బా నిండుతుంది. ఆ డబ్బాను ఊళ్లలో ఉండే డంప్ స్టేషన్లో ఖాళీ చేయాలి. కొడుకు చేతులకు తొడుగులు వేసుకుని దాన్ని లాగుతుంటే పెద్దావిడ పక్కకు తిరిగి నిలబడింది. పెద్దాయన మాత్రం దగ్గరుండి మూత తిప్పడం చూసి నేర్చుకుని, మర్నాటి నుంచి తనే వెళ్లారు. రెండు రాత్రులు డాక్, ఒక రాత్రి హాలిడే పార్క్. నలుగురికి సరిపడే పద్ధతి అదేనని వాళ్లతో తిరిగాక నాకు ఖాయమైంది.

రోడ్డు పక్కన ఎక్కడైనా ఊరికే ఆపుకోవచ్చని విని వచ్చేవాళ్లూ ఉన్నారు. అది పాత మాట. 2011లో దీనికి ఒక చట్టం వచ్చింది. 2023లో దాన్ని గట్టిచేసి, కదలకుండా బిగించిన టాయిలెట్ ఉన్న బండికే సొంత వసతులున్న బండిగా గుర్తింపునివ్వాలన్నారు. నా అద్దానికి అంటించిన ఆకుపచ్చ కార్డు అదే. అది ఉన్నా, ఏ పట్టణం ఎక్కడ ఆపనిస్తుందో ఆ పట్టణం కౌన్సిల్ నిర్ణయిస్తుంది. బోర్డు చదవకుండా సరస్సు ఒడ్డున నిద్రపోతే జరిమానా వందల డాలర్లలో ఉంటుంది. ఒక మంచి హోటల్ గది దానికన్నా చవక.

టె అనౌ అనే ఊళ్లో పెద్దావిడకు మోకాళ్లు పట్టేశాయి. పగలు టేబుల్‌గా ఉండి రాత్రికి పడకయ్యే చోట లేవడం, కూర్చోవడం ఆమెకు కష్టమైంది. బండి నడుస్తుంటే వెనక పడుకోవడానికి వీల్లేదు, అందరూ సీటులో బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. “ఒక్క రాత్రి గది తీసుకోరా” అంది కొడుకుతో. తీసుకున్నారు. నేను ఆ మోటెల్ బయట నిలబడ్డాను, నా అద్దె కూడా నడుస్తూనే ఉంది. ఆ రోజు పెద్దాయన రెండు పేజీల్లోనూ ఖర్చు రాయాల్సి వచ్చింది.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. గదిలోకి వెళ్లిన పెద్దావిడ వెంటనే తిరిగొచ్చి నా అరలోంచి బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా తీసుకుంది. “లోపల పొయ్యి ఉందండీ, గిన్నెలు కూడా ఉన్నాయి, ఇక్కడే వండేస్తా” అంది. న్యూజిలాండ్ మోటెళ్లలో చాలావాటిలో చిన్న వంటిల్లు ఉంటుంది. అప్పటిదాకా పెద్దాయన కుడి పేజీలో రోజూ హోటల్ భోజనాలకని 150 డాలర్లు వేరే వరసలో రాస్తున్నారు. ఆ రాత్రి కూర్చుని ఆ వరసంతా కొట్టేశారు. నా గొప్పల్లో ఒకటి పోయింది, అయినా ఆయన చేసింది న్యాయం. వండుకోవడం వల్ల మిగిలే డబ్బు వండుకునేవాళ్ల ఓపికది, బండిది కాదు. భోజనాలు తీసేసినా నలుగురి లెక్కలో నేనే తక్కువకు తేలాను, రెండు గదుల వల్ల.

అదే నన్ను జనవరిలో ఒక కొత్త జంట తీసుకుంది. అద్దె 320, బీమా 45, డీజిల్ 45, పన్ను 15, హాలిడే పార్కులో ఇద్దరికి 55: మొత్తం 480. వాళ్లు కారు తీసుకుని వంటిల్లున్న మోటెల్ గదిలో దిగి ఉంటే కారు 80, బీమా 25, పెట్రోలు 40, గది 230: మొత్తం 375. రోజుకు 105 డాలర్లు నాకు ఎక్కువ కట్టారు. హాలిడే పార్కుల్లోనే ఉండే చెక్క క్యాబిన్లలో దిగితే ఇంకా తగ్గేది. ఇద్దరే అయినప్పుడు, అదీ వేసవిలో, నేను చవక అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు ఆ ఏడు మీటర్లు. ఉత్తర, దక్షిణ ద్వీపాల మధ్య కుక్ జలసంధి. వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు ఓడలో మూడున్నర గంటలు, వాహనానికి టికెట్టు పొడవును బట్టి. కారుకన్నా నాకు చాలా ఎక్కువ. అద్దె కారు కంపెనీలు కొన్ని కారును ఈ ఒడ్డున వదిలి ఆ ఒడ్డున ఇంకోటి తీసుకోమంటాయి, అప్పుడు మనిషి టికెట్టుతో సరిపోతుంది. నన్ను అలా వదలడానికి లేదు, ఇల్లు మొత్తం దింపుకోవాలి. కాబట్టి రెండు ద్వీపాలూ చూడాలనుకునేవాళ్లు ఓడ ఖర్చు ముందే కలుపుకోవాలి. దీనికి ఇంకో వైపు లాభం కూడా ఒకటుంది: చాలామంది ఆక్లండ్‌లో ఎక్కి క్రైస్ట్‌చర్చ్‌లో దిగుతారు, అక్కడ బళ్లు పేరుకుపోతాయి. వాటిని వెనక్కి చేర్చేవాళ్లకు రోజుకు ఒక్క డాలరుకే ఇచ్చే సందర్భాలున్నాయి. గడువు నాలుగైదు రోజులే ఉంటుంది, ఆగి చూడటానికి తీరిక దొరకదు.

పెద్దాయన పేజీల్లో దేనికిందా రాయలేకపోయింది ఒకటుంది. టె అనౌ నుంచి, పడవెక్కి చూసే మిల్‌ఫర్డ్ సౌండ్‌కు 120 కిలోమీటర్లు. ఊళ్లో గది తీసుకున్నవాళ్లు తెల్లారి లేచి, బస్సుల వరసలో పడి వెళ్తారు. మేము ఆ దారి మధ్యలోనే కాస్కేడ్ క్రీక్ దగ్గర రాత్రి ఆగాం. లోపల పప్పు ఉడికిన ఆవిరికి నా అద్దాలు చెమర్చాయి, కోడలు పైకప్పు కిటికీ కొంచెం ఎత్తింది, హీటరు సన్నగా మోగుతోంది. పొద్దున్నే పెద్దావిడ కాఫీ గ్లాసుతో మెట్టు దిగి, వానకు కొండల మీంచి దూకుతున్న నీళ్లు చూస్తూ, “ఇదేంటండీ, రాత్రి లేవు కదా ఇవి” అంది. బస్సులు వచ్చేసరికి వాళ్లు పడవెక్కి ఉన్నారు. ఆ చోట నాకు సాటి వచ్చే గది లేదు, ఎందుకంటే అక్కడ గదే లేదు.

నగరాల్లో దీనికి తలకిందులు. క్వీన్స్‌టౌన్ వీధుల్లో నన్ను పెట్టడానికి చోటు దొరక్క కొడుకు తిరిగి తిరిగి విసిగిపోయాడు. నిలబడి ఉన్నా నా అద్దె తగ్గదు.

ఈ దేశం వచ్చే తెలుగువాళ్లకు నేను చెప్పేదొకటే. ఆక్లండ్‌లోనో క్రైస్ట్‌చర్చ్‌లోనో ఉండే రోజులకు నాకు డబ్బు కట్టకండి, గదిలో ఉండండి. ముగ్గురు నలుగురై, మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరుల్లో వస్తే అప్పుడు ఊరు వదిలే పొద్దున నన్ను తీసుకోండి. ఇద్దరే జనవరిలో వస్తే కారు తీసుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మూడు రాత్రులకొకసారి వాళ్లకో మోటెల్ గది లెక్కలో ముందే వేసుకోండి. అది వేసుకున్నా నలుగురికి నేనే చవక.