‘కుడికి పోయె రిమ్ము’ పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

ఆ.వె. కుడికి పోయె రిమ్ము కొంచె మెడమ లాగ
నెడమ పుల్ల బిగువు నిడుము మెల్ల
మూడు దాటి యల్లు మోగించి విని చూడు
పుల్లమీద నిలుచు బుద్ధిగాను

అవతారిక: బెండు పోయిన చక్రాన్ని సరిచేయుట ఎట్లని శిష్యుడు అడుగగా, గురువు నిపిల్ కీ వాడి చేతిలో పెట్టి చెప్పిన పద్యం. కర్త ఎవరో తెలియదు. ‘స్పోకు’ అనక ‘పుల్ల’ అన్నాడు కనుక పుస్తకం చదివి చెప్పినవాడు కాదు, సైకిలు షాపులో కూర్చున్నవాడే.

టీక: రిమ్ము = నేమి; కుడికి పోయె = కుడివైపుకు ఒరిగింది, అనగా చక్రం తిప్పితే కుడి బ్రేకు రబ్బరును రాసుకుంటోంది; కొంచెము ఎడమ లాగన్ = రవంత ఎడమకు లాగుటకై; ఎడమ పుల్ల = హబ్బు ఎడమ అంచున పుట్టిన పుల్లకు; మెల్ల = మెల్లగా (‘గా’ గణాలకు బలైంది); బిగువున్ ఇడుము = బిగింపు ఇయ్యి; మూడు దాటి అల్లు = ఒక్కో పుల్ల తన వైపు పుల్లలను మూడింటిని దాటేట్లు అల్లు; మోగించి విని చూడు = వేలితో మీటి విను; బుద్ధిగాను = అల్లరి చేయక; పుల్లమీద నిలుచు = పుల్లలపై నిలబడుతుంది.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: ‘మెల్ల’ అనుటలో ఔచిత్యం ఉంది. మామూలు పుల్ల మర అంగుళానికి 56 చుట్లు. పుల్ల కొసను రిమ్ముకు పట్టే నిపిల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే పుల్ల 0.45 మి.మీ. లోపలికి దిగుతుంది. పావు చుట్టుతో ఆగేవాడే పనివాడు. ఇక దిక్కు సంగతి: టైరు వైపు నుంచి చూస్తే బిగింపు ప్రదక్షిణంగా సాగుతుంది, హబ్బు వైపు నుంచి చూసేవాడికి అప్రదక్షిణం. కొత్తవాడు బిగించబోయి వదులు చేసేది ఇక్కడే. కవి దీన్ని చెప్పలేదు. శిష్యుడికి ఓ తన్ను మిగల్చడం గురువుల అలవాటు.

శంక: అన్ని పుల్లలనూ బాగా బిగిస్తే చక్రం పక్కకు వంగదు కదా, ఒక్క ఎడమ పుల్ల గొడవ ఎందుకు?

సమాధానం: ఇది లోకంలో బలంగా పాతుకున్న భ్రమ. ఉక్కు తీగ ఎంత బరువుకు ఎంత సాగుతుందన్నది దాని మందాన్నీ పొడవునూ బట్టి ఉంటుంది కాని ముందే ఎంత బిగించామన్నదాన్ని బట్టి కాదు. బిగువు చేసే మేలు ఒక్కటే, బరువు పడ్డా పుల్ల సడలిపోకుండా కాస్తుంది. హద్దు మీరి బిగిస్తే రిమ్ము అప్పడంలా మెలిక తిరుగుతుంది. పక్కబలం అసలు హబ్బు వెడల్పులో ఉంది. ముందు చక్రంలో అంచుకూ అంచుకూ దూరం 70 మి.మీ. అనుకుంటే పుల్ల చక్రతలానికి ఆరేడు డిగ్రీలు మాత్రమే ఏటవాలుగా ఉంటుంది. నిలువునా మనిషిని మోసే చక్రం పక్క తాకిడికి బెదరడం అందుకే. పైగా ఈ ఏటవాలు సగమైతే ఆ పుల్ల ఇచ్చే పక్కబలం సగం కాదు, పావు అవుతుంది. ఇంత ముఖ్యమైన విషయానికి కవి పద్యంలో చోటివ్వలేదు. నాలుగో పాదంలో ‘బుద్ధిగాను’కు మాత్రం చోటు దొరికింది!

గేరు సైకిలు వెనుక చక్రంలో ఈ కష్టం ముదురుతుంది. పళ్ల చక్రాలకు చోటు కావాలి కనుక కుడి అంచు మధ్యకు జరుగుతుంది. మధ్యరేఖ నుంచి కుడి అంచు 18 మి.మీ., ఎడమది 36 మి.మీ. అనుకోండి. రిమ్ము నడుమ నిలవాలంటే కుడి పుల్లల బిగువు ఎడమవాటికి రెట్టింపు ఉండాలి. దీన్ని అసమానత అని వాదించే చదువుకున్న కుర్రాళ్లు రెండువైపులా సమంగా బిగించి, రిమ్మును ఎడమకు తోసుకుంటారు.

‘మోగించి’ అనడంలో కవి సంగీతజ్ఞత తెలుస్తుంది. పొడవూ మందమూ ఒకటైన పుల్లల్లో స్వరం బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. బిగువు రెట్టింపైతే షడ్జం నుంచి ప్రతిమధ్యమానికి పోతుంది. కనుక పై చక్రంలో ఎడమ పుల్ల స అంటే కుడి పుల్ల ప్రతిమధ్యమం పలకాలి. శుద్ధమధ్యమం పలికిందా, రిమ్ము నడుమ లేదన్నమాట. ఒకవైపు పుల్లలన్నీ ఒకే స్వరం పలికితే మేస్త్రీకి చెయ్యెత్తి దండం పెట్టవచ్చు.

‘మూడు దాటి’కి ‘నాల్గు దాటి’ అని పాఠాంతరం ఉంది. ముందు 32, వెనుక 40 పుల్లలున్న రోడ్‌స్టర్లలో వెనుక చక్రానికి అదే సరైన పాఠం. కాని యతి చెడుతుంది. యతి కోసం ఎనిమిది పుల్లలు తగ్గించుకోమనలేం. దాటించి అల్లడం వెనుక చక్రానికి తొక్కుడు బలం అందించడానికి. తీగ పుల్లలను హబ్బు నుంచి సూటిగా నిలబెడితే హబ్బు మెలి తిరుగుతుంది. పుల్లను హబ్బుకు స్పర్శరేఖగా నిలిపే పద్ధతికి 1874లో కోవెంట్రీ వాసి జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. ఎన్ని దాటినా పక్కబలంలో పెద్ద తేడా రాదు. ‘నాలుగు దాటిస్తే చక్రం ఊగదు’ అనే మాటను అందుకే తోసిపుచ్చాలి.

‘పుల్లమీద నిలుచు’ దగ్గర పెద్ద వివాదం. పూర్వపక్షం: సన్న తీగ నిలువు బరువు మోయలేదు, నొక్కితే వంగిపోతుంది, కనుక హబ్బు పైపుల్లలకు వేలాడుతోంది, ‘నిలుచు’ అపప్రయోగం. సిద్ధాంతం: జాబ్స్ట్ బ్రాంట్ ‘ది బైసికిల్ వీల్’ (1981) అనే పుస్తకంలో లెక్కగట్టి చూపాడు. బరువు పడగానే నేలవైపున్న కొద్ది పుల్లల బిగువు తగ్గుతుంది, పైపుల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. మార్పు ఎక్కడుందో మోత అక్కడుంది. ముందే బిగించిన తీగకు బిగువు తగ్గడం, బిగించని కర్రకు నొక్కుడు పడడంతో సమానం. కాబట్టి ‘నిలుచు’ సాధుప్రయోగమే. వేలాడే పక్షం వారు ఇంకా లొంగలేదు, లొంగరు కూడా.

‘బుద్ధిగాను’ ఉత్త పాదపూరణమని కొందరు. కాదు. చక్రం బుద్ధిగా నిలవాలంటే అల్లిక ముగిశాక ఒకే వైపున పక్కపక్కగా సాగే పుల్లలను జతజతగా పట్టి గట్టిగా పిండాలి. దానితో వంపు దగ్గర పుల్ల హబ్బు చిల్లులో సర్దుకుంటుంది, వంచినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడి తీరుతుంది. ఈ పని ఎగ్గొట్టిన చక్రం షాపులో తిన్నగా తిరిగి, వేల కిలోమీటర్ల తర్వాత, ఏ గుంతా లేని రోడ్డు మీద వంపు దగ్గర పుటుక్కుమంటుంది. అప్పుడు నింద పుల్లల కంపెనీ మీద పడుతుంది.