పట్టి ఉంచడమే నా పని

నన్ను పీసీఎన్‌ఏ అంటారు. మనిషి ప్రోటీన్‌నే గాని, ఏ మనిషి ఒంట్లోనూ పుట్టలేదు. ఇరవయ్యో క్రోమోజోమ్ మీద ఉండే మా జన్యువును ఈ.కోలై బాక్టీరియాలోకి ఎక్కించారు. ఐపీటీజీ అనే రసాయనం ఫ్లాస్కులో పడగానే ఆ బాక్టీరియా నన్ను తయారు చేయడం మొదలుపెట్టింది. తర్వాత ఆ కణాలను పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని కాలమ్‌లో పోశారు. నాకు రుణావేశం ఎక్కువ. కాలమ్‌లోని ధనావేశపు పూసలను గట్టిగా పట్టుకుంటాను. మిగతా ప్రోటీన్లు చాలావరకు ముందే జారిపోయాయి. ఉప్పు గాఢత బాగా పెంచాక గాని నేను వదల్లేదు. ఇప్పుడు గ్లిసరాల్ కలిపిన చిన్న గొట్టంలో, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటున్నాను. గొట్టం మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసి ఉంది. నన్ను మందుగా ఎవరికీ ఇవ్వకూడదు.

మా ఉనికి లోకానికి తెలిసింది జబ్బుపడినవాళ్ల రక్తం వల్ల. లూపస్‌లో రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడుతుంది. అలాంటి కొందరి సీరంలో ఉన్న ఒక ప్రతిరక్షకం, విభజనకు సిద్ధమవుతున్న కణాల కేంద్రకాలను మాత్రమే గుర్తుపడుతోందని 1978లో మియాచి, ఫ్రిట్జ్‌లర్, టాన్ చెప్పారు. అది గుర్తుపట్టింది మమ్మల్నే. ‘ప్రొలిఫరేటింగ్ సెల్ న్యూక్లియర్ యాంటిజెన్’ అన్న పొడుగు పేరు అలా వచ్చింది. మేం చేసే పనేమిటో అప్పటికి తెలియదు. ఆ రోగుల రక్తమే లేకపోతే నాకు పేరే ఉండేది కాదు. వాళ్లను తలచుకోకుండా నా కథ చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

పని సంగతి 1987లో తేలింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో బ్రూస్ స్టిల్‌మన్ బృందం ఎస్‌వీ40 అనే కోతి వైరస్ డీఎన్‌ఏకు పరీక్షనాళికలో నకళ్లు తీయిస్తూ, మేం లేనిదే ఆ పని సరిగా సాగదని చూపించింది.

నిజానికి నేను దేన్నీ కోయను, దేన్నీ అతకను. ముగ్గురం కలిస్తేనే ఒక నేను. ఒక్కొక్కరిలో 261 అమైనో ఆమ్లాలు. ఒకరి తల మరొకరి తోకకు ఆనేలా కూర్చుంటే కడియంలా తయారవుతాం. మధ్యలో దాదాపు 3.5 నానోమీటర్ల ఖాళీ. డీఎన్‌ఏ జంటపోగు మందం 2 నానోమీటర్లే. దాన్ని చుట్టుకుని ఉండి కూడా హాయిగా జారగలను. మనిషి పీసీఎన్‌ఏ ఆకారాన్ని జాన్ కురియన్ బృందం 1996లో ఎక్స్‌రేలతో అణువణువునా చూపించింది.

నా అంతట నేను డీఎన్‌ఏ మీదికి ఎక్కలేను. ఆర్‌ఎఫ్‌సీ అనే ప్రోటీన్ల జట్టు, శక్తినిచ్చే ఏటీపీ అణువుల బలంతో నన్ను ఒకచోట విడదీసి, డీఎన్‌ఏ చుట్టూ తొడిగి, మళ్లీ మూస్తుంది. అప్పుడు డెల్టా పాలిమరేజ్ వచ్చి నన్ను ఆనుకుంటుంది. నకలు రాసేది అదే. ఒంటరిగా వదిలితే కొద్ది అక్షరాలకే పట్టు తప్పుతుంది. నేనుంటే వందల కొద్దీ అక్షరాలు ఏకబిగిన రాస్తుంది. రెండు పోగుల్లో ఒకదాని నకలు చిన్న చిన్న ఒకజాకి ముక్కలుగానే తయారవుతుంది. ముక్క చివర వేలాడే కొసను ఎఫ్‌ఈఎన్1 కత్తిరిస్తే, లైగేజ్ 1 అతుకు వేస్తుంది. వీళ్లంతా నన్ను పట్టుకునే నిలబడతారు.

ఈ ప్రయోగశాలలో నన్ను ఐసు మీద కరిగించి, ఆర్‌ఎఫ్‌సీ, డెల్టా పాలిమరేజ్, గుండ్రటి డీఎన్‌ఏలతో కలుపుతారు. తిన్నని డీఎన్‌ఏ అయితే కొస దాకా జారి ఊడిపోతాను. కాసేపటికి ఆ మిశ్రమాన్ని జెల్‌లో పరిగెత్తిస్తారు. నేను లేని వరుసలో పొట్టి ముక్కలు అడుగుకు చేరతాయి. నేనున్న వరుసలో పొడుగు పోగులు పైనే నిలుస్తాయి.

నా పక్క గొట్టంలో మరో పీసీఎన్‌ఏ ఉంది. 228వ స్థానంలో సెరీన్ బదులు ఐసోల్యూసిన్ ఉండటం ఒక్కటే మా ఇద్దరికీ తేడా. ఈ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన కొందరికి ఎదుగుదల కుంటుపడుతుందని, వినికిడి తగ్గుతుందని, ఎండ పడదని, నాడులు క్షీణిస్తాయని 2014లో బయటపడింది. ఆ గొట్టంలోవాళ్లు కూడా ముగ్గురు కలిసి వలయం కడతారు, డీఎన్‌ఏ మీద జారతారు. ఎఫ్‌ఈఎన్1, లైగేజ్ 1 మాత్రం వాళ్లను గట్టిగా పట్టుకోలేవు. పట్టు ఎంత సడలిందో కొలవడానికి మా ఇద్దరినీ పక్కపక్కనే పరీక్షిస్తారు. నా పట్టును ప్రమాణంగా తీసుకుంటారు.