కిటికీ పక్కన పాతికేళ్ళు

నేనొక బైనాక్యులర్‌ని. పాతకాలం వాళ్ళు దుర్భిణి అనేవారు. 1996లో ఒక కొత్త సరుకు ఓడతో పాటే నేనూ సముద్రమెక్కాను. బొగ్గు, ఇనుప ఖనిజం, గోధుమలు మోసే బల్క్ క్యారియర్ అది. పొడవు 225 మీటర్లు. అంత ఓడలో నాకు దక్కిన చోటు బ్రిడ్జి మీద ముందు కిటికీ పక్కన ఒక చిన్న చెక్క పెట్టె. పాతికేళ్ళూ అక్కడే కాపురమున్నాను.

నా ఒంటి మీద 7×50 అని చెక్కారు. అదే నా జాతకం. ఏడు మైళ్ళ అవతల ఉన్నదాన్ని ఒక మైలు దూరంలో ఉన్నట్టు చూపిస్తాను. నా ముందు అద్దాల వెడల్పు 50 మిల్లీమీటర్లు. యాభైని ఏడుతో భాగిస్తే వచ్చే సుమారు ఏడు మిల్లీమీటర్లే నాలోంచి కంటికి చేరే వెలుగు వెడల్పు. చీకట్లో పడుచువాళ్ళ కంటిపాప విచ్చుకునేదీ దాదాపు అంతే. అందుకే రాత్రి కాపలాకు నన్ను ఎంచుకున్నారు. ఇంకా పెద్దగా చూపించే బైనాక్యులర్లు ఉన్నాయి. కానీ ఓడ ఊగుతుంటే, చెయ్యి వణుకుతుంటే, ఆ వణుకునూ అవి పెద్దది చేస్తాయి.

ఓడ నడిపే గదికి బ్రిడ్జి అనే పేరు ఎలా వచ్చిందో చెప్పనా? పక్క చక్రాలతో నడిచిన తొలినాటి ఆవిరి ఓడల్లో రెండు చక్రాల గూళ్ళనూ కలుపుతూ పైన ఒక వంతెన ఉండేది. అధికారి దాని మీద నిలబడి ఓడ నడిపించేవాడు. చక్రాలు పోయాయి, పేరు నిలిచింది.

సముద్రం మీద ఓడ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. అందుకని కాపలాను నాలుగేసి గంటల వాచీలుగా పంచుకుంటారు. మా ఓడలో ఎనిమిది నుంచి పన్నెండు వరకు థర్డ్ ఆఫీసర్, పన్నెండు నుంచి నాలుగు వరకు సెకండ్ ఆఫీసర్, నాలుగు నుంచి ఎనిమిది వరకు చీఫ్ ఆఫీసర్. పగలొకసారి, రాత్రొకసారి ఎవరి వంతు వాళ్ళది. చీకటి పడ్డాక అధికారితో పాటు సుఖానీ కూడా ఉంటాడు. చుక్కాని పట్టేదీ, లుకౌట్ కాసేదీ అతనే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ వాచ్ చేతులు మారే వేళ. అర్ధరాత్రికి పది, పదిహేను నిమిషాల ముందే సెకండ్ ఆఫీసర్ పైకి వస్తాడు. వచ్చీ రాగానే వాచ్ అందుకోడు. కెప్టెన్ రాసిపెట్టిన రాత్రి ఆదేశాలు చదువుతాడు. ఓడ ఎక్కడుంది, ఏ దిక్కుకు పోతోంది, గైరో దిక్సూచికీ అయస్కాంత దిక్సూచికీ తేడా ఎంత, చుట్టూ ఏ ఓడలున్నాయి అన్నీ చూసుకుంటాడు. ఆ తర్వాత చీకట్లో ఊరికే నిలబడతాడు. వెలుతురులోంచి వచ్చిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. అప్పటికే ఓడను మలుపు తిప్పుతుంటే, ఆ తిప్పడం పూర్తయ్యేదాకా వాచ్ మారదు. వచ్చినవాడు జ్వరంతోనో, నిద్రమత్తులోనో, తాగో ఉంటే వాచ్ ఇవ్వకుండా కెప్టెన్‌కు చెప్పాలి. ఇంత పద్ధతిగా బాధ్యత చేతులు మారడం ఇంకెన్ని ఉద్యోగాల్లో ఉందో నాకు తెలియదు.

సముద్రం మీద రోడ్లు లేకపోయినా నియమాలున్నాయి. 1972లో దేశాలన్నీ కలిసి రాసుకుని, 1977 జులై 15 నుంచి అమల్లోకి తెచ్చినవి. ప్రతి ఓడకూ రాత్రిపూట ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన ఆకుపచ్చ దీపం. మా కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే ఓడ తన ఎర్ర దీపం చూపిస్తోందంటే దారి ఇవ్వాల్సింది మేమే. దీపం కిటికీ చట్రంలో అటో ఇటో జరుగుతూ పోతే మామూలుగా భయం లేదు. ఉన్నచోటే నిలిచి పెద్దదవుతోందంటే రెండు ఓడలూ ఒకే చోటికి పోతున్నట్టు. దిక్సూచితో దాని దిశను మళ్ళీ మళ్ళీ కొలిచి చూడమని నియమం చెప్పేది అందుకే. తప్పుకునేటప్పుడు ముందుగా తప్పుకోవాలి, అవతలివాడికి కనిపించేటంతగా తప్పుకోవాలి.

ఆ నియమాల్లో అయిదోది నా కులదైవం లాంటిది. ప్రతి ఓడా అన్ని వేళలా కంటితో, చెవితో, అందుబాటులో ఉన్న ప్రతి సాధనంతో సరైన కాపలా కాయాలంటుంది. వరుస గమనించండి. కన్ను, చెవి ముందు. సాధనాలు ఆ తర్వాత.

మా జాతిని తలచుకున్నప్పుడల్లా టైటానిక్ మాట వస్తుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఆ ఓడ స్తంభం మీద కాపలా ఉన్నవాళ్ళకు బైనాక్యులర్లు లేవు. బయలుదేరే ముందు ఓడ దిగిపోయిన డేవిడ్ బ్లెయిర్ అనే అధికారి జేబులోనే అల్మరా తాళంచెవి ఉండిపోయిందంటారు. ఆ తాళంచెవిని 2007లో వేలం వేశారు. బైనాక్యులర్లుంటే మంచుకొండను కాస్త ముందే చూసేవాణ్ణని కాపలాదారు ఫ్రెడరిక్ ఫ్లీట్ విచారణలో చెప్పాడు. అయినా నేనుంటే ఆ ఓడ మునిగేది కాదని నేననను. నాలోంచి చూస్తే సముద్రంలో ఒక ముక్కే కనబడుతుంది. ముందు మామూలు కంటితో దిగంతమంతా వెతకాలి. ఏదో ఉందనిపించిన చోట నన్నెత్తి పోల్చుకోవాలి. వెతికే కన్ను మనిషిదే.

నా కళ్ళ ముందే బ్రిడ్జి మారిపోయింది. నేను వచ్చిన కొత్తలో బల్ల మీద కాగితం చార్టు, పెన్సిలు ఉండేవి. తెల్లవారుజామున చీఫ్ ఆఫీసర్ సెక్స్‌టెంట్ పట్టుకుని, చుక్కలూ దిగంతమూ రెండూ కనబడే ఆ కొద్ది నిమిషాల్లో ఓడ ఎక్కడుందో లెక్క కట్టేవాడు. తర్వాత ఇతర ఓడల పేర్లూ వేగమూ చెప్పే ఏఐఎస్ వచ్చింది. కాగితం పోయి ఎలక్ట్రానిక్ చార్టు వచ్చింది. కాపలాలో ఉన్నవాడు కునుకు తీస్తే పట్టేసే అలారం వచ్చింది. మూడు నుంచి పన్నెండు నిమిషాలకోసారి దానికి జవాబివ్వాలి. ఇవ్వకపోతే ముందు దీపం మెరిసి, పదిహేను సెకన్లకు గంట మోగి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే మరో పదిహేను సెకన్లకు కింద ఇంకో అధికారిని లేపుతుంది. ఇవన్నీ మంచివే. ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కానీ తెరలు పెరిగిన కొద్దీ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు. నేను పెట్టెలో గడిపే గంటలు పెరిగాయి.

ఒక జూన్ రాత్రి సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియా నుంచి కోకింగ్ బొగ్గు నింపుకుని విశాఖ వస్తున్నాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. రెండు నెలలు పస్తులున్న ఇళ్ళు కదా, నిషేధం తీరగానే పడవలన్నీ ఒక్కసారిగా సముద్రమెక్కుతాయి. మేము వచ్చింది ఆ రోజుల్లోనే. వాన జల్లు, నైరుతి గాలి, తెల్లగా విరుగుతున్న అలలు.

రాత్రి మూడు దాటింది. సెకండ్ ఆఫీసర్ విజయనగరం కుర్రాడు. తెలివైనవాడు, ఒళ్ళు దాచుకోనివాడు. రేవు చేరేలోగా పంపాల్సిన కాగితాల కోసం వెనక బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రాడార్ నిండా అలలూ వానా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంటే, అంతకుముందే ఫిల్టరు బాగా పెంచాడు. తెర శుభ్రమైంది. చిన్న పడవల జాడ కూడా ఆ చుక్కలతో పాటే తుడిచిపెట్టుకుపోయింది.

సుఖానీది కాకినాడ తీరం, వేటకెళ్ళే కుటుంబం. ఉన్నట్టుండి నన్ను పెట్టెలోంచి లాగాడు.

"సార్, ముందు ఎవరో టార్చి కొడుతున్నారు."

"ఏదీ బాబాయ్? రాడార్లో ఏమీ లేదే!"

"రాడార్లో లేదు సార్, నీళ్ళ మీదుంది. మనోళ్ళే."

కుర్రాడు పరుగున వచ్చి నన్ను అందుకున్నాడు. తెర వెలుతురు చూసిన కళ్ళకు మొదట ఏమీ కనబడలేదు. ఆ క్షణాల్లో అతని గుండె చప్పుడు నా ఒంటికి తెలిసింది. అప్పుడు కనబడింది ఫైబర్ పడవ. నలుగురు మనుషులు. ఒకడు నిలబడి టార్చి ఊపుతున్నాడు. దూరం మైలున్నర ఉంటుందేమో. మా వేగం 12 నాట్లు. అంటే అయిదు నిమిషాలకో మైలు. బొగ్గు నిండిన ఓడ ఆగమంటే ఆగదు, తిరగమంటే వెంటనే తిరగదు.

ఆటోపైలట్ తీసేశారు. "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్!" సుఖానీ చక్రం పూర్తిగా కుడికి తిప్పాడు. అయిదు పొట్టి కూతలు రాత్రిని చీల్చాయి. ఓడ మొదట వినిపించుకోనట్టే ఉంది. తర్వాత మెల్లగా, బరువుగా ముక్కు తిప్పింది. పడవ మా ఎడమ పక్కగా వెళ్ళిపోయింది. అలకు ఎగిరిపడింది, కానీ నిలిచింది. టార్చి ఇంకా ఊగుతూనే ఉంది.

కూత విని పైకొచ్చిన కెప్టెన్ గట్టిగా ఒక్క మాటా అనలేదు. జరిగింది జరిగినట్టు లాగ్‌బుక్‌లో రాయమన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "సందేహమొస్తే పిలవమని రాశాను కదా. సందేహమా కాదా అన్న సందేహమొచ్చినా పిలువు. కాగితాలు పొద్దున రాసుకోవచ్చు." ఆ కుర్రాడు మిగిలిన వాచ్ అంతా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తెల్లవారి విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడేదాకా నిద్రకు కూడా పోలేదు.

అందరికీ అంత అదృష్టం ఉండదు. 2020 జులై 25 రాత్రి వాకాషియో అనే బల్క్ క్యారియర్ మారిషస్ పగడపు దిబ్బ ఎక్కింది. ఓడలోవాళ్ళు ఫోన్ సిగ్నల్ కోసం తీరానికి దగ్గరగా తెచ్చారని తేలింది. ఎంజిన్ చెడలేదు, తుపాను లేదు. సుమారు వెయ్యి టన్నుల చమురు ఆ నీలి నీళ్ళలో కలిసింది. ఇంటివాళ్ళ గొంతు వినాలన్న ఆశ తప్పు కాదు. ఆ ఆశతో ఓడ దారి మార్చడం తప్పు.

ఒక మాట కుర్రాళ్ళ తరఫున కూడా చెప్పాలి. నిద్ర లేని కంటికి నేను ఎంత దగ్గరగా చూపించినా లాభం లేదు. ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నియమం. రేవుల్లో సరుకు పనీ, తనిఖీలూ, కాగితాలూ ఆ గంటల్ని కొరికేయడం నేను చూశాను. కాగితం మీద నిండిన విశ్రాంతి కళ్ళలో కనబడని రాత్రులు చూశాను. కాపలావాణ్ణి నిద్రపోనివ్వడం కూడా ఓడ భద్రతలో భాగమే.

2021లో మా ఓడ వయసైపోయింది. గుజరాత్‌లోని అలంగ్‌లో నిండు పోటు మీద దాన్ని ఒడ్డుకెక్కించారు. ఆఖరిసారి ఆ తీరాన్ని చూపించింది నేనే. తర్వాత ఓడల సామాన్లు అమ్మే దుకాణంలో కుర్చీలు, గడియారాల మధ్య కొన్నాళ్ళున్నాను. విశాఖ నుంచి వచ్చిన ఒక మాస్టారు నన్ను కొని, క్యాడెట్లకు పాఠం చెప్పే గదికి తెచ్చారు. ఇప్పుడు నా కుడి అద్దం మీద గీత పడింది, తోలు పట్టీ తెగింది. అయినా రోజూ కొత్త చేతులు నన్ను ఎత్తుకుంటాయి. కొత్త కళ్ళు నాలోంచి బంగాళాఖాతం చూస్తాయి.

నాయనలారా, అమ్మాయిలూ, రేపు మీరు వాచ్ అందుకుంటారు. మీ వెనక ఇరవైమంది నిద్రపోతుంటారు. మీ ముందు చీకట్లో ఎవరో ఒక తండ్రి టార్చి ఊపుతుంటాడు. ఆ టార్చి ఏ తెర మీదా కనబడకపోవచ్చు. బ్రిడ్జి ఎక్కగానే ముందు కిటికీ దగ్గరికి రండి. చూడండి.