షుంపీటర్ చర్చా శాస్త్రం

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలి. ఈ శాస్త్రానికి అధికారి ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థి. అర్హత ఒక్కటే, పుస్తకం సగానికి మించి చదివి ఉండకూడదు. విషయం, జోసెఫ్ షుంపీటర్ 1942లో అచ్చు వేయించిన ‘క్యాపిటలిజం, సోషలిజం అండ్ డెమోక్రసీ’. స్థలం, క్యాంటీన్ వెనక చెట్టు కింద. ప్రయోజనం ఏమిటో పూర్వాచార్యులెవరూ చెప్పలేదు, మనకెందుకు ఆ సాహసం?

ప్రమాణాల్లో ప్రత్యక్షం మొదటిది. లైబ్రరీ ప్రతిని బల్లమీద నిలబెట్టి పుటల అంచులు చూడండి. ఏడో అధ్యాయం దగ్గర నల్లగా ఒక చార కనబడుతుంది. లోపల పెన్సిలు గీతలు, బొటనవేలి ముద్రలు, ఒకచోట సమోసా నూనె మరక. అటూ ఇటూ పుటలు మాత్రం తెల్లగా, చెయ్యి పడకుండా ఉంటాయి. పొగ ఉన్నచోట నిప్పున్నట్టు, నూనె ఉన్నచోట పఠనం జరిగిందని అనుమాన ప్రమాణం. ఆ అధ్యాయం పేరు ‘సృజనాత్మక విధ్వంసం’. పాతదాన్ని లోపలినుంచే కూలగొట్టుకుంటూ, కొత్తదాన్ని నిలబెట్టుకుంటూ పోవడమే పెట్టుబడిదారీ విధానం అసలు స్వభావమని అందులో వాదన. మొత్తం ఆరేడు పుటలే. పరీక్ష ముందురాత్రికి సరిగ్గా సరిపోతుంది.

ఇక వాదులు. మొదటివాడు స్టార్టప్ పక్షీయుడు. తాను యాప్ పెట్టబోతున్నాడు కనక షుంపీటర్ తనవాడంటాడు. రెండోవాడు ఎర్రజెండా పక్షీయుడు. పుస్తకం మొదటి భాగమంతా మార్క్స్ మీదే, ప్రవక్తగా, సామాజిక శాస్త్రవేత్తగా, ఆర్థికవేత్తగా, గురువుగా నాలుగు అధ్యాయాలు. కనక షుంపీటర్ మావాడంటాడు. ఇద్దరూ నెగ్గుతారు, గ్రంథమహిమ అలాంటిది. పెట్టుబడిదారీ విధానాన్ని అంతగా మెచ్చుకున్న మనిషి, అది నిలుస్తుందా అంటే నిలవదన్నాడు. సోషలిజం మీద ఏ మోజూ లేనివాడు, అది పనిచేస్తుందా అంటే చేస్తుందన్నాడు. ఎక్కడ తెరిచినా ఎవరో ఒకరికి సాక్ష్యం దొరుకుతుంది.

చిక్కల్లా ఎందుకు నిలవదన్న దగ్గరే. దివాలా తీసి కాదు, గెలిచి గెలిచి పోతుందంటాడాయన. కంపెనీలు పెద్దవైపోయి, కొత్తదాన్ని కనిపెట్టడం కూడా ఆఫీసు పనై, జీతగాళ్ల కమిటీ చేతికి వెళ్లాక తెగించి వ్యాపారం చేసేవాడితో లోకానికి పనేముంది? ఈ మాట పడగానే స్టార్టప్ పక్షీయుడు ఫోన్ తీసి చూసుకుంటాడు. ఎర్రజెండా పక్షీయుడూ నోరు మెదపడు. కార్మికవర్గం చేయాల్సిన పనిని ఒక కమిటీ ఫైళ్ల మీద చేసేయడం అతనికి రుచించదు. దీన్ని శాస్త్రంలో ‘ఉభయభ్రష్ట మౌనం’ అంటారు. ఇక్కడ మరో విడత చాయ్ చెప్పడం విధి.

గ్రంథకర్త చరిత్రలో మనకు పనికొచ్చే ఘట్టం ఒకటుంది. చెర్నోవిట్స్ యూనివర్సిటీలో కుర్ర ప్రొఫెసర్‌గా ఉన్న రోజుల్లో, తన విద్యార్థులకు పుస్తకాలు సరిగా ఇవ్వడం లేదని లైబ్రేరియన్‌తో కత్తియుద్ధానికి దిగాడట. అవతలివాడి భుజానికి గాయం చేసి నెగ్గాడని చెబుతారు. మన లైబ్రేరియన్లకు ఆ భయం అక్కర్లేదు. ఇక్కడి తగాదాలన్నీ తీసుకెళ్లిన పుస్తకం తిరిగివ్వనందుకే.

మిగిలింది నిషేధ సూత్రం. పదమూడో అధ్యాయం ఎట్టి పరిస్థితుల్లోనూ చర్చలోకి రాకూడదు. పెట్టుబడిదారీ విధానం కొలువులకు మించి చదువులు పంచుతుందని, ఒళ్లొంచే పనికి మనసొప్పక, చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క మిగిలినవాళ్లు ఆ కసితో మేధావులై ఆ విధానాన్నే దుమ్మెత్తి పోస్తారని అందులో రాసి పెట్టాడు. అంటే గ్రూప్-2 నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చెట్టు కింద కూర్చున్న సభ యావత్తూ ఆ పుటల్లో ఎప్పుడో అచ్చయిపోయింది. అది చదివినవాడు సభలో ఉంటే రసభంగం. అలాంటివాణ్ని పోల్చుకోవడం తేలికే. ఎవరితోనూ వాదించడు, తనలో తాను నవ్వుకుంటూ ఉంటాడు. చాయ్ డబ్బులు అతనిచేతే కట్టించి, మర్యాదగా సాగనంపాలి.